వాచ్‌మన్‌కి లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయిస్తామంటున్నారు. అతనూ సరేనన్నాడు. ఇందులో తప్పుందా?

వాసు_బెజవాడ, ఆదివారం రాత్రి 9:40

మాది విజయవాడలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పోయిన నెల మూడో అంతస్తులో ఒకరి బీరువాలోంచి నాలుగు గాజులు పోయాయి. ఎనిమిది కాసులు. కూతురి పెళ్ళికని ఆవిడ చీటీలు కట్టి చేయించుకున్నవి. ఇంటి తాళం పగలలేదు, బీరువా తాళమూ పగలలేదు. ఆ ఇంటి తాళంచెవి ఇంకొకటి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ఇద్దరు పనివాళ్ళు రోజూ వచ్చిపోతారు. అనుమానం ఎటు పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

స్టేషన్‌కి వెళ్దామంటే ఆ ఇంటాయనే వద్దన్నాడు, దాని చుట్టూ తిరగలేనన్నాడు. మా సెక్రటరీ గారు ఒక ప్రైవేటు ఏజెన్సీతో మాట్లాడారు. లై డిటెక్టర్ చేస్తారట, దాంతో తేలకపోతే బ్రెయిన్ మ్యాపింగ్ కూడా చేస్తారట. ఖర్చు అసోసియేషన్ ఫండ్ నుంచి. ఈరోజు మీటింగ్‌లో వాచ్‌మన్‌ని పిలిచి అందరి ముందూ అడిగారు. యాభై దాటిన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పదకొండేళ్ళుగా మా దగ్గరే ఉన్నాడు. "సేయించండి బాబూ, నాకేటి బయం" అన్నాడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎవరూ అతని మీద చెయ్యి చేసుకోవడం లేదు. అతనే ఒప్పుకున్నాడు. తీయకపోతే తేలిపోతుంది, మచ్చ పోతుంది. అయితే మీటింగ్ అయ్యాక లిఫ్టు దగ్గర నన్ను ఆపి "కరెంటెడతారేటి బాబూ?" అని అడిగాడు. లేదన్నాను. అన్నానే గానీ, అక్కడ ఏం చేస్తారో నాకూ తెలియదని ఇంటికొచ్చాక తట్టింది. తెలిసినవాళ్ళు చెప్పండి. ఒప్పుకున్న మనిషికి చేయిస్తే తప్పేంటి?

పాత_స్టేషన్, రాత్రి 10:15

తప్పేమీ లేదు వాసు గారూ. 31 ఏళ్ళు సర్వీసు చేసి ఎస్సైగా రిటైరయ్యాను. మా రోజుల్లో ఇంట్లో బంగారం పోతే ముందు పనివాళ్ళని స్టేషన్‌కి తెచ్చేవాళ్ళం. ఆ తర్వాత ఏం జరిగేదో ఇక్కడ చదివేవాళ్ళకి తెలుసు. నేనూ చేశాను. రాత్రంతా కూర్చోబెట్టిన ఒక పనిమనిషి, తాను తీయని గొలుసు తీశానని ఒప్పుకుంది. మూడో రోజు ఆ గొలుసు తాకట్టు కొట్లో దొరికింది. పెట్టింది ఇంటావిడ సొంత తమ్ముడు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే యంత్రాలొచ్చాయంటే సంతోషించినవాణ్ణి నేను. లాఠీకి బదులు వైరు. ఒంటి మీద దెబ్బ పడదు, పంటి కింద రక్తం రాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి పట్టుకోవడమే ఇదంతా. తప్పు చేయనివాడికి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంది?

తరంగిణి, రాత్రి 11:02

ఎస్సై గారూ, ఆ పనిమనిషి సంగతి దాచకుండా రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. మీ సామెతతోనే మొదలుపెడతాను. భుజాలు తడుముకున్నవాళ్ళందరూ దొంగలు కారు కదండీ. లై డిటెక్టర్ చూసేది ఆ తడుముకోవడాన్నే. గుండె వేగం, రక్తపోటు, ఊపిరి, వేళ్ళ చివర చెమట. దొరికిపోతానని భయపడ్డా, నా మాట నమ్మరేమోనని భయపడ్డా గీత ఒకలాగే లేస్తుంది. వెనకటికి మంత్రించిన బియ్యం నమిలించేవారు, నోరు ఎండినవాడు దొంగ. ఇదీ దాని మనవడే.

బ్రెయిన్ మ్యాపింగ్ గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను, అది నా పని కాబట్టి. గుంటూరులో ఒక న్యూరాలజీ ఆస్పత్రిలో పద్నాలుగేళ్ళుగా ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాల రికార్డు, తీస్తున్నాను. ఎక్కువగా మూర్ఛ ఉన్నవాళ్ళకి. తలంటుకుని, నూనె రాయకుండా రమ్మంటాం. జుట్టుకి నూనె ఉంటే ఎలక్ట్రోడు, అంటే తలకి అంటించే వైరు కొన, సరిగా అతకదు. పేస్టు పెట్టి ఒక్కొక్కటీ అంటిస్తాం. మేం కొలిచేది ఒక వోల్టులో పది లక్షలో వంతు లెక్కల్లో ఉంటుంది. కన్ను ఆర్పినా, పళ్ళు బిగించినా, గుటక వేసినా తెర మీద దానికంటే పెద్ద గీత లేస్తుంది. మూర్ఛ ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడానికే ఒక్కోసారి రాత్రంతా రికార్డు చేయాలి.

ఇక నేరాల దగ్గరికి వస్తే, పీ300 అని ఒక తరంగం ఉంది. అది నిజమైనదే. చాలా మామూలు విషయాల మధ్య మనకి బాగా తెలిసిన వస్తువేదైనా హఠాత్తుగా కనిపిస్తే, సుమారు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడు నుంచి ఒక చిన్న అల లేస్తుంది. అమెరికాలో లారెన్స్ ఫార్వెల్ దీని ఆధారంగా చేసే పరీక్షకే బ్రెయిన్ ఫింగర్‌ప్రింటింగ్ అని పేరు పెట్టారు. కానీ ఆ అల చెప్పేది "ఇది నాకు తెలుసు" అని మాత్రమే. "ఇది నేను చేశాను" అని కాదు. వాసు గారూ, మీ వాచ్‌మన్‌కి ఆ బీరువా తెలియదా? ఆ గది తెలియదా? నెల రోజులుగా అపార్ట్‌మెంటంతా గాజుల గురించే మాట్లాడుకుంటుంటే ఆ మాట వినగానే అతని మెదడు ఉలిక్కిపడదా? మీకు పరీక్ష చేసినా ఆ అల లేస్తుంది. పైగా 2004లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో రోజన్‌ఫెల్డ్ బృందం చూపించింది, కాలి బొటనవేలు రహస్యంగా కదిపే లాంటి చిన్న కిటుకులు నేర్పితే చాలు, ఈ పరీక్షని చాలామంది తప్పించుకోగలరు. అంటే కిటుకు తెలిసిన దొంగ బయటపడతాడు. కంగారుపడే అమాయకుడు లోపల ఇరుక్కుంటాడు.

మన దేశంలో వాడేది దీనికి ఇంకో రూపం. బియోస్ అంటారు. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన ముకుందన్ గారు తయారుచేశారు. టోపీ పెట్టి, కళ్ళు మూయించి, "నేను బీరువా తెరిచాను", "నేను గాజులు తీశాను" లాంటి వాక్యాలు వినిపిస్తారు. జవాబు చెప్పనక్కర్లేదు. విన్నదానికీ స్వయంగా చేసినదానికీ మెదడులో తేడా ఉంటుందని, దాన్ని సాఫ్ట్‌వేర్ కనిపెడుతుందని వాళ్ళ వాదన. ఆ వాదన బయటి శాస్త్రవేత్తల పరీక్షకి నిలబడలేదు. 2008లో నిమ్హాన్స్ డైరెక్టరే ముందుండి నడిపిన నిపుణుల కమిటీ దీన్ని కోర్టులో సాక్ష్యంగా వాడొద్దంది.

జ్ఞాపకం అంటే ఎక్కడో పెట్టెలో పెట్టి తాళం వేసిన వస్తువు కాదు. తలుచుకున్న ప్రతిసారీ మళ్ళీ అల్లుకునేది. పదిసార్లు ఊహించుకున్న పని చేసినట్టే అనిపించడం మామూలు మనుషులకే జరుగుతుంది.

గోదారి_గట్టు, సోమవారం ఉదయం 6:20

తరంగిణి గారు మంత్రించిన బియ్యం అన్నారు కాబట్టి రాస్తున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కోనసీమలో మా పెదనాన్నగారింట్లో వెండి చెంబు పోయింది. అంజనం వేసే ఆయన్ని పిలిపించారు. తమలపాకు మీద కాటుకలాంటిది రాసి, అందులోకి చూడడానికి చిన్నపిల్లవాడు కావాలన్నాడు. నన్ను కూర్చోబెట్టారు.

చాలాసేపు నాకేమీ కనిపించలేదు. "ఆడమనిషా, మగమనిషా చూడు" అన్నాడు. చుట్టూ ఇరవై మంది. ఆడమనిషి అన్నాను. "చీర రంగు చూడు" అన్నాడు. ఆకు మీద దీపం వెలుగు ఎర్రగా పడుతోంది. ఎర్రచీర అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు, ఇది మీరు నమ్మాలి. అడిగేకొద్దీ నిజంగానే కనిపించింది. ఎర్రచీర కట్టుకునే మనిషి మా ఇంట్లో వడ్లు దంచేది. ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు. చెంబు దొరికిందో లేదో నాకు తెలియదు.

నార్కో పరీక్షలో మనిషికి థయోపెంటాల్ అనే మత్తుమందు ఎక్కించి, సగం మత్తులో ప్రశ్నలడుగుతారు. ఆ సంగతి విన్నప్పుడల్లా నాకు ఆ తమలపాకే గుర్తొస్తుంది. మత్తులో ఉన్నవాడు నిజం చెబుతాడని ఎవరన్నారు? అడిగేవాడికి ఏం కావాలో అది చెబుతాడు. పూర్తి తెలివిలో ఉండి నేనే చెప్పాను.

న్యాయపథం, ఉదయం 9:05

కర్నూలులో ప్రాక్టీసు చేస్తున్నాను. చట్టం ఎక్కడుందో చెప్తా, తర్వాత వాసు గారి ప్రశ్నకి వస్తా.

2008 జూన్‌లో పుణె సెషన్స్ కోర్టు ఒక యువతికి హత్యానేరం కింద జీవిత ఖైదు వేసింది. తనతో పెళ్ళి కుదిరి చెడిపోయిన యువకుడికి ఆర్సెనిక్ కలిపిన ప్రసాదం పెట్టిందని అభియోగం. ఆమెకి బియోస్ చేశారు. ఆర్సెనిక్ కొన్న అనుభవం, పెట్టిన అనుభవం ఆమె మెదడులో ఉన్నట్టు నివేదిక వచ్చింది. జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ప్రపంచమంతా విస్తుపోయి చూసిన తీర్పు అది. ఆ ఏడాదే బాంబే హైకోర్టు ఆమెకి బెయిల్ ఇచ్చింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి వాసు గారూ. ఆ పరీక్షకి ఆమే ఒప్పుకుంది. మీ వాచ్‌మన్ ఒప్పుకున్నట్టే.

తర్వాత 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ మూడూ బలవంతంగా చేయడానికి వీల్లేదు. ఎవరినీ తమకు వ్యతిరేకంగా తామే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం అంటుంది. నోటితో చెప్పించినా, నెత్తి మీద వైర్లు పెట్టి రాబట్టినా తేడా లేదని కోర్టు ఉద్దేశం. మనిషి మౌనంగా ఉండదలిస్తే అతని మనసులోకి తొంగిచూడకూడదు. ఒప్పుకుంటే చేయొచ్చు, కానీ ఆ ఒప్పుదల మేజిస్ట్రేటు ముందు జరగాలి, లాయరు అందుబాటులో ఉండాలి, ఫలితాల వల్ల ఏమవుతుందో ముందే చెప్పాలి, రికార్డు చేసేది పోలీసులతో సంబంధం లేని సంస్థ అయ్యుండాలి. అంతా చేసినా ఆ ఫలితం తనంతట తాను సాక్ష్యం కాదు.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంటు చూడండి. మేజిస్ట్రేటు లేడు, లాయరు లేడు. హత్య కేసులో ముద్దాయికి ఉన్న రక్షణ కూడా మీ వాచ్‌మన్‌కి లేదు, ఎందుకంటే 20(3) అడ్డుపడేది ప్రభుత్వానికి. అసోసియేషన్ సెక్రటరీకి కాదు. నన్ను బాధపెట్టేది ఇదే. రాజ్యాంగం స్టేషన్ గేటు దగ్గర నిలబడి కాపలా కాస్తుంటే, అదే యంత్రం అపార్ట్‌మెంటు గేటులోంచి లోపలికొచ్చింది.

పాత_స్టేషన్, ఉదయం 10:30

లాయరు గారు సగమే చెప్పారు. అదే తీర్పులో ఇంకో మాటుంది. మనిషి ఇష్టపడి చేయించుకున్న పరీక్షలో దొరికిన సమాచారంతో వస్తువో ఆయుధమో బయటపడితే, దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత సాక్ష్యాధార చట్టంలో సెక్షన్ 27, ఇప్పుడు కొత్త చట్టంలో సెక్షన్ 23. మాకు కావలసింది అదేనండీ. యంత్రం శిక్ష వేయక్కర్లేదు, దారి చూపిస్తే చాలు.

మన దగ్గర జరిగిందే తీసుకోండి. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో విద్యార్థిని హత్య. 2010లో ఒక కుర్రాడికి శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఆ కుర్రాడి యవ్వనం జైల్లో పోయింది. ఆ తల్లిదండ్రులకి కూతురూ పోయింది, న్యాయమూ దొరకలేదు. పాత పద్ధతి దర్యాప్తు ఇచ్చిన ఫలితం ఇది. మెరుగైన సాధనం వెతకొద్దంటారా? మీరంతా అనుమానితుడి మనసు గురించి మాట్లాడుతున్నారు. గాజులు పోయిన ఆవిడ మనసు గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఇంకోటి. కాణిపాకంలో ప్రమాణం చేయమంటే కోనేట్లో మునగకముందే నిజం ఒప్పేసుకునేవాళ్ళని నేను చూశాను. యంత్రం నూటికి నూరు పాళ్ళు నిజం కాకపోవచ్చు. దాని మీద భయం నిజం. ఆ భయంతో నిజం బయటికొస్తే ఎవరికి నష్టం?

తరంగిణి, మధ్యాహ్నం 1:15

కాణిపాకంలో మునిగేవాడు తన దేవుడికి తాను మాట ఇస్తున్నాడు. అక్కడ ఎవరూ అతని లోపలికి చూశామని రిపోర్టు రాసి సంతకం పెట్టరు. ఇక్కడ తెల్లకోటు వేసుకున్న మనిషి, నాలాంటి మనిషి, లేని శక్తి ఉన్నట్టు నటించాలి. మేం ఎలక్ట్రోడు పెడుతుంటే పేషెంట్లు "మా ఆలోచనలు కనిపిస్తాయా అమ్మా?" అని అడుగుతారు. చదువుకున్నవాళ్ళూ అడుగుతారు. లేదమ్మా అంటేనే భుజాలు కిందికి దిగుతాయి, అప్పుడే రికార్డింగ్ శుభ్రంగా వస్తుంది. ఆ మాట చెప్పే హక్కు మీ ఏజెన్సీ టెక్నీషియన్‌కి ఉండదు. చెబితే యంత్రం పని చేయదు.

భయంతో నిజం బయటికొస్తుందన్నారు. గొలుసు కేసులో బయటికొచ్చింది నిజమేనా ఎస్సై గారూ?

పాత_స్టేషన్, మధ్యాహ్నం 1:40

కాదు.

కానీ ఆవిడకి నిద్ర లేకుండా చేశాం. రెండూ ఒకటే అనకండి.

ఫాతిమా_పాతబస్తీ, మధ్యాహ్నం 3:10

ఒకటి కావు, కానీ ఒకే వీధిలో ఉంటయి సార్.

నేను వద్దన్నోళ్ళ గురించి చెప్తా. 2020లో హాథ్రస్‌లో ఆ దళిత అమ్మాయి చనిపోయినంక ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఏమన్నదో గుర్తుందా? నిందితులకు, పోలీసులకే కాదు, చనిపోయిన అమ్మాయి ఇంటోళ్ళకి కూడా నార్కో, పాలిగ్రాఫ్ (అదే లై డిటెక్టర్) చేస్తమన్నది. బిడ్డను పోగొట్టుకున్నోళ్ళకి! వాళ్ళు మేం చేయించుకోం అన్నరు. అంతే, టీవీల ఒక్కటే ప్రశ్న: ఎందుకు భయపడుతున్నరు, ఏం దాస్తున్నరు?

ఈ యంత్రం మనిషిని తాకకముందే చేసే పని అది. "చేయించుకుంటవా?" అని అడిగిన క్షణం పరీక్ష మొదలైపోయింది. అవునంటే వైర్లు, కాదంటే దొంగ. వాసు భయ్యా, మీ మీటింగుల అందరి ముందు అడిగిండ్రు అన్నరు. ఆ మనిషి కాదని ఎట్ల అంటడు? మా నాయిన ఇరవై ఏండ్లు ఒక షోరూముల గోడౌన్ చూసుకున్నడు. ఏదన్న సామాను లెక్క తక్కువొస్తే ముందు ఆయన టిఫిన్ డబ్బా తీసి చూసేటోళ్ళు. ఆయనే నవ్వుకుంట ముందుగాల తెరిచి చూపించేటోడు. ఇంటికొచ్చి అన్నం తినేటోడు కాదు. నవ్వింది ఒప్పుకున్నట్టా?

సుధీర్_ఆస్టిన్, మంగళవారం ఉదయం 7:50

ఫాతిమా గారి మాట చదివి, అమెరికాలో ఈ ముడిని ఎలా విప్పారో చెబుదామనిపించింది. ఇక్కడ 1988 దాకా షాపుల్లో, బ్యాంకుల్లో ఉద్యోగులకి లై డిటెక్టర్లు విచ్చలవిడిగా చేసేవారు. ఆ ఏడాది చట్టం తెచ్చి చాలావరకు ప్రైవేటు యజమానుల చేతుల్లోంచి దాన్ని లాగేశారు. దొంగతనంలాంటి నష్టం జరిగి దర్యాప్తు చేస్తున్నప్పుడు కొన్ని షరతులతో పాలిగ్రాఫ్ ఒక్కటి అడగొచ్చు. అడిగినా, ఉద్యోగి కాదన్నాడన్న ఒక్క కారణంతో తీసేయకూడదు. చట్టం నిలబడింది ఆ వాక్యం మీదే. కాదనగలిగితేనే అవునన్నదానికి విలువ.

మెదడు స్కానింగ్ కూడా ఇక్కడ కోర్టుకి వెళ్ళింది. టెనెసీ రాష్ట్రంలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా మోసం కేసులో ఒక సైకాలజిస్టు తానే ముందుకొచ్చి ఎఫ్ఎంఆర్ఐతో, అంటే మెదడులో రక్తప్రవాహాన్ని చూసే స్కాన్‌తో, లై డిటెక్షన్ చేయించుకున్నాడు. రెండు ఆరోపణల మీద రెండు స్కాన్లు. ఒకదాంట్లో నిజం చెబుతున్నాడని వచ్చింది, రెండోదాంట్లో అబద్ధమని వచ్చింది. అలసిపోయాడేమోనని ఆ రెండోది మళ్ళీ చేశారు, ఈసారి నిజమని వచ్చింది. 2010లో కోర్టు దాన్ని పక్కన పెట్టింది, 2012లో పై కోర్టూ సమర్థించింది. అలసటతో అబద్ధమయ్యే నిజాన్ని ఏ తక్కెడలో తూచాలి?

చిలీ ఇంకా ముందుకెళ్ళింది. 2021లో మెదడు కార్యకలాపాలకి, వాటి నుంచి వచ్చే సమాచారానికి రక్షణ కల్పిస్తూ రాజ్యాంగం సవరించింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, తలకి పెట్టుకునే ఈఈజీ పరికరం అమ్మే ఎమోటివ్ కంపెనీని ఒక మాజీ సెనేటర్ మెదడు సమాచారం చెరిపేయమని ఆదేశించింది. ఆ పరికరాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. తరంగిణి గారూ, వాసు గారి వాచ్‌మన్‌కి పరీక్ష చేసే ఏజెన్సీ వాడేది కూడా అలాంటిదేనేమో?

తరంగిణి, ఉదయం 8:30

ఏది వాడతారో చూడకుండా చెప్పలేను. అయితే వాసు గారూ, ఒక సంగతి కనుక్కోండి. ఈఈజీలో మూర్ఛ లక్షణాల్లాంటి ఆరోగ్య సంగతులు బయటపడొచ్చు. అవి అతనికి చెబుతారా, మీ సెక్రటరీకి చెబుతారా? ఆ ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్ళు?

వాసు_బెజవాడ, మంగళవారం రాత్రి 9:15

ఆ కాగితం తెప్పించుకుని చదివాను. ఒప్పంద పత్రం రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషులో ఉంది. మా వాచ్‌మన్ తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతాడు. నిన్ననే సంతకం పెట్టేశాడట. రికార్డింగ్ ఏజెన్సీ దగ్గరే ఉంటుందని, "సేవల మెరుగుదలకి" వాడుకోవచ్చని, వేరేవాళ్ళతో పంచుకోవచ్చని రాసుంది. ఫలితం అసోసియేషన్‌కి ఇస్తారట. అతనికి కాపీ ఇస్తారన్న మాటే లేదు.

ఒప్పుకుంటున్నాను, ఆదివారం రాసినప్పుడు నాకివేవీ తెలియవు. "అతనే ఒప్పుకున్నాడు" అన్న మాట చాలా తేలిగ్గా రాశాను.

అయినా నా సందేహం పూర్తిగా పోలేదు. పోలీసులు వద్దు, పరీక్ష వద్దు అంటే ఆ అనుమానం అలాగే గాల్లో ఉంటుంది. నిన్న ఒకావిడ తన ఇంటి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర్నుంచి వెనక్కి తీసేసుకుంది. పిల్లల్ని అతనితో స్కూలు బస్సు దాకా పంపడం ఇద్దరు మానేశారు. అతనికి దీన్నుంచి బయటపడే దారేది?

న్యాయపథం, రాత్రి 10:00

దారి పోలీసు కంప్లయింటే. నచ్చకపోవచ్చు, కానీ అక్కడ అతనికి హక్కులున్నాయి, వేలిముద్రలు తీసేవాళ్ళున్నారు, తాకట్టు కొట్లు వెతికేవాళ్ళున్నారు. ఎస్సై గారి గొలుసు కూడా దొరికింది తాకట్టు కొట్లోనే గదా, మనిషి తలలో కాదు.

ఒప్పంద పత్రం విషయం. 2023 డేటా రక్షణ చట్టంలో సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై ఉండాలని ఉంది. అడిగే పత్రాన్ని ఇంగ్లీషులో గానీ, తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలని కూడా ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. చట్టం ఎప్పుడు పూర్తిగా అమలైనా, మీరు ఆగాల్సిన పని లేదు.

నేనొక మాట చెప్తా, చేసి చూడండి. ఆ పత్రాన్ని తెలుగులో రాయించి చివర ఒక వాక్యం కలపండి: "ఈ పరీక్ష చేయించుకోనని నేను ఇప్పుడు గానీ, మధ్యలో గానీ చెప్పినా నా ఉద్యోగానికి, జీతానికి, నేనుంటున్న గదికి ఏ ఇబ్బందీ రానివ్వమని అసోసియేషన్ మాట ఇస్తోంది." దాని కింద సంతకం వాచ్‌మన్ పెట్టక్కర్లేదు. సెక్రటరీని పెట్టమనండి.

పాత_స్టేషన్, రాత్రి 10:20

ఇది న్యాయంగా ఉంది. ఆ సంతకం పెడితే పరీక్ష చేయించండి.

ఫాతిమా_పాతబస్తీ, రాత్రి 10:25

పెట్టరు.

సుధీర్_ఆస్టిన్, రాత్రి 10:40

"సేవల మెరుగుదల" అనే ముక్క తెలుగులోకి మార్చేటప్పుడు అలాగే ఉంచకండి. "నీ మెదడు నుంచి తీసిన రికార్డు మా వ్యాపారానికి వాడుకుంటాం" అని రాయండి. అతనికి అర్థమవ్వాల్సింది అదే.

వాసు_బెజవాడ, బుధవారం రాత్రి 8:50

సెక్రటరీ గారు సంతకం పెట్టనన్నారు. కోపంగా అనలేదు. "మరి కాదంటే మనం అతన్ని ఉంచుకోలేం కదా వాసూ, ఎలా రాసిస్తాను?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా నాతో కూర్చున్న మనిషి. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక మా ఇద్దరికీ కాసేపు మాట రాలేదు. అయినా పరీక్ష ఆపలేదు. గ్రూపులో పదిహేడు మంది చేయించమనే అన్నారు. వద్దని రాసింది నేనూ, గాజులు పోయిన ఆవిడా. ఆవిడ రాస్తుందని నేననుకోలేదు.

పాత_స్టేషన్, రాత్రి 9:05

సంతకం పెట్టలేనప్పుడు పరీక్ష వద్దు. ఈ కేసు వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాదంటే ఉద్యోగం పోయేచోట తీసుకున్న ఒప్పుదలని నేను స్టేషన్లో రాసుంటే ఏ మేజిస్ట్రేటూ ఒప్పుకోడు, నేనెందుకు ఒప్పుకోవాలి.

కానీ లాయరు గారూ, హత్య కేసుల్లో మాత్రం మీతో ఏకీభవించను. మేజిస్ట్రేటు ముందు, లాయరు పక్కనుండగా ఒప్పుకున్నవాడికి చేయాలనే అంటాను.

న్యాయపథం, రాత్రి 9:20

ఆ వాదన 2025లో కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది సార్. బీహార్‌లో ఒకాయన భార్య కనపడకుండా పోయిన కేసు. ముద్దాయిలందరికీ, సాక్షులకీ నార్కో చేస్తామని పోలీసులు చెప్తే, బెయిల్ విచారణలో పట్నా హైకోర్టు సరేనంది. ఆ ఏడాది జూన్ 9న సుప్రీంకోర్టు అది చెల్లదంది. ముద్దాయి తానే కోరుకుంటే తగిన దశలో అడగొచ్చు, కానీ అడిగినంత మాత్రాన చేసి తీరాలన్న హక్కు అతనికీ లేదంది. అంటే మీరు చెప్పినవాడికి తలుపు మూయలేదు, బార్లా తెరవలేదు. మీ గొలుసు కేసులో ఆవిడకి లాయరు ఉండుంటే ఏమయ్యేదో అన్నదే నా ప్రశ్న. దాని మీద ఇంకో చర్చ పెట్టండి, వస్తాను.

వాసు గారూ, ఆవిడ మీ పక్కన ఉన్నారంటే కంప్లయింటు ఇవ్వాల్సింది ఆవిడే. రేపు పొద్దున్నే ఇప్పించండి. పోలీసు దర్యాప్తు మొదలైతే ఏజెన్సీవాళ్ళు సహజంగానే వెనక్కి తగ్గుతారు.

వాసు_బెజవాడ, రాత్రి 10:10

ఆవిడతో మాట్లాడాను. భర్తని ఒప్పించి తొమ్మిదింటికి స్టేషన్‌కి వస్తానంది. ఏజెన్సీవాళ్ళు పదింటికి వస్తారు.

ఇందాక కిందికి వెళ్ళి పత్రం మొత్తం వాచ్‌మన్‌కి తెలుగులో చదివి వినిపించాను. సుధీర్ గారు చెప్పినట్టే చదివాను. నువ్వు కాదనొచ్చు, నేను నీ పక్కన నిలబడతాను అన్నాను. అప్పటికే మోటారు దగ్గర తలంటుకుని వచ్చాడు. నూనె రాసుకోవద్దని సెక్రటరీ గారు చెప్పారట. తువ్వాలుతో తల తుడుచుకుంటూ అంతా విన్నాడు. "కాదని ఎక్కడికెల్తాను బాబూ, పిల్ల సదువు ఇక్కడే గదా" అన్నాడు.